కోట్‌గఢ్ కొండలకు ఆపిల్ తెచ్చిన అమెరికన్
వెట్టిని ఎదిరించి జైలుకెళ్ళిన సత్యానంద్ స్టోక్స్ జీవితం

ఏటా శరదృతువులో, దసరా బతుకమ్మల నాటికి, దేశంలోని పండ్ల మార్కెట్లకు హిమాచల్‌ప్రదేశ్, కాశ్మీర్ ఆపిల్ వెల్లువగా వచ్చి చేరుతుంది. హిమాచల్‌ప్రదేశ్‌లో ఈ పంట లక్ష హెక్టార్లకు పైగా విస్తరించింది. దాని వార్షిక విలువ సుమారు 5 వేల కోట్ల రూపాయలని అంచనా. ఆ రాష్ట్రంలో వ్యాపారపరమైన ఆపిల్ సాగుకు పునాది వేసిన వ్యక్తి శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్. కుష్ఠురోగులకు సేవ చేయడానికి వచ్చిన ఈ అమెరికన్ యువకుడు సిమ్లా కొండల్లో రైతుగా స్థిరపడ్డారు. భారత స్వాతంత్య్రోద్యమంలో జైలుశిక్ష అనుభవించిన ఏకైక అమెరికన్‌గా చరిత్రకెక్కారు. తరువాత హిందూమతం స్వీకరించి సత్యానంద్ అయ్యారు.

గుజరాత్‌లోని సూరత్ జిల్లా కిమ్ మీదుగా సాగే ముంబయి-అహ్మదాబాద్ మార్గంలోని పట్టణాల్లో ఆపిల్ దొరకని బజారు లేదు. సూరత్ పరిసరాల్లోని మరమగ్గాలపై ఆధారపడి జీవిస్తున్న తెలుగు కుటుంబాలకూ ఇది పండుగ రోజుల్లో ఇంటికి వచ్చే పండే. అయితే ఆ మైదానంలో ఈ చెట్టు పెరగదు. సంప్రదాయ ఆపిల్ రకాలకు శీతాకాలంలో సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రత వెయ్యి గంటలకు పైగా ఉండాలి. ఆ చలిలో చెట్టు నిద్రావస్థలో గడిపితేనే వసంతంలో మొగ్గలు సక్రమంగా విచ్చుకుంటాయి. ఈ కారణంగానే మన దేశంలో ఆపిల్ చాలాకాలం హిమాలయ సానువులకే పరిమితమయింది. ఆ సానువుల్లోనూ ఒక పేద ప్రాంతానికి ఇది జీవనాధారంగా మారడానికి స్టోక్స్ పాతికేళ్ళ కృషి కారణం.

సంపన్న కుటుంబం నుంచి సబాతూకు

శామ్యూల్ స్టోక్స్ 1882 ఆగస్టు 16న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. వారిది క్వేకర్ సంప్రదాయానికి చెందిన కుటుంబం. తండ్రి లిఫ్టుల తయారీ వ్యాపారంలో పేరున్న సంపన్నుడు. కుమారుడు తన వ్యాపారం చేపడతాడని ఆశించారు. కానీ స్టోక్స్‌కు వ్యాపారంపై ఆసక్తి కలగలేదు. భారతదేశంలో కుష్ఠురోగులకు సేవ చేస్తున్న డాక్టర్ కార్ల్‌టన్ దంపతులతో పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1904లో 22 ఏళ్ళయినా నిండకుండానే వారితో కలిసి బొంబాయిలో ఓడ దిగారు. అక్కడి నుంచి సిమ్లా సమీపంలోని సబాతూ కుష్ఠురోగుల ఆశ్రమానికి వెళ్ళారు.

మరుసటి ఏడాది, 1905 ఏప్రిల్ 4న, కాంగ్డా లోయలో పెను భూకంపం సంభవించి వేలాది మంది మరణించారు. సహాయ కార్యక్రమాల్లో స్టోక్స్ పాల్గొన్నారు. ఆ తరువాత విశ్రాంతి కోసం సిమ్లాకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని కోట్‌గఢ్ చేరుకున్నారు. సట్లెజ్ లోయకు ఎగువన, హిందుస్థాన్-టిబెట్ రోడ్డు పక్కన ఉన్న ఈ ప్రాంతం ఆయనకు శాశ్వత నివాసమయింది.

తొలి సంవత్సరాల్లో ఆయన సెయింట్ ఫ్రాన్సిస్ మార్గాన్ని అనుసరించారు. ఆస్తిని వదులుకొని, ముతక అంగీ ధరించి, ఊరూరా కాలినడకన తిరిగారు. రోగులకు సేవ చేశారు. తరువాత కాలంలో క్రైస్తవ సాధువుగా ప్రసిద్ధుడైన సుందర్‌సింగ్ కొంతకాలం ఆయన సహచరుడు. కొందరు మిత్రులతో కలిసి స్టోక్స్ ఒక సోదర సంఘాన్ని కూడా స్థాపించారు. అయితే ఈ మార్గంలోని లోపాన్ని ఆయన త్వరలోనే గ్రహించారు. ఎంత నిరాడంబరంగా జీవించినా గ్రామస్థుల దృష్టిలో తాను ఒక తెల్ల సాధువుగానే మిగిలిపోతున్నానని ఆయనకు అర్థమయింది. పన్ను, పంట, పిల్లల చదువు వంటి వారి కష్టాలు సన్యాసికి అంటవు. సంసారిగా మారి, భూమి దున్ని, వారిలో ఒకడిగా బ్రతకాలని నిశ్చయించుకున్నారు. 1912 సెప్టెంబరులో ఆగ్నెస్ అనే స్థానిక యువతిని వివాహం చేసుకున్నారు. ఆమె క్రైస్తవ మతం స్వీకరించిన రాజపుత్ర కుటుంబానికి చెందినవారు. ఈ దంపతులకు ఏడుగురు సంతానం.

వివాహానంతరం స్టోక్స్ థానేదార్ సమీపంలోని బారోబాగ్ వద్ద ఒక పాత తేయాకు తోట భూమిని కొనుగోలు చేశారు. దాని విస్తీర్ణం సుమారు 200 ఎకరాలు. అక్కడే హార్మనీ హాల్ పేరుతో ఇల్లు కట్టుకొని వ్యవసాయం ప్రారంభించారు.

లూసియానా పట్టణం నుంచి అంటుమొక్కలు

ఆనాటి కోట్‌గఢ్ రైతు పరిస్థితి దయనీయంగా ఉండేది. కొండవాలుపై మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న చిన్న మడులే అతని ఆస్తి. వాటిలో గోధుమ, బార్లీ, బంగాళాదుంప పండించేవారు. తిండికి పోగా అమ్ముకోవడానికి మిగిలేది స్వల్పం. దున్నే భూమిని పెంచుకుందామంటే కొండ అడ్డు. ఉన్న ఎకరం నుంచే ఎక్కువ రాబడి తెచ్చే పంట ఏదని స్టోక్స్ ఆలోచించారు. ఆపిల్ ఆయన దృష్టికి వచ్చింది.

ఆపిల్ అప్పటికే హిమాలయాలకు కొత్త కాదు. కాశ్మీర్‌లో అది ప్రాచీన కాలం నుంచీ ఉంది. కులూ లోయలోని బంద్రోల్‌లో కెప్టెన్ లీ అనే ఆంగ్లేయుడు 1870లోనే తోట వేశారు. అయితే బ్రిటిష్ వారు నాటినవి ప్రధానంగా తమ దేశపు రకాలు. వాటిలో పులుపు పాలు ఎక్కువ. భారతీయ వినియోగదారు కోరేది తీపి. పైగా ఆ తోటలు దొరల స్వంతం. వాటివల్ల చుట్టుపక్కల రైతుకు ఒరిగింది అంతంతమాత్రమే.

అమెరికా వెళ్ళిన సందర్భంలో స్టోక్స్ అక్కడి తోటలను, నర్సరీలను అధ్యయనం చేశారు. మిస్సోరీ రాష్ట్రంలోని లూసియానా పట్టణానికి చెందిన స్టార్క్ బ్రదర్స్ నర్సరీ విక్రయిస్తున్న రెడ్ డెలీషియస్ రకం ఆయనను ఆకర్షించింది. ఈ రకం పుట్టుక విచిత్రమైనది. అయోవా రాష్ట్రంలో జెస్సీ హయట్ అనే రైతు తోటలో వరుస తప్పి దానంతటదే మొలిచిన మొక్క అది. రెండుసార్లు నరికివేసినా తిరిగి చిగురించిందని, ఆపై దానిని బ్రతకనిచ్చారని చెబుతారు. దాని పండు ముదురు ఎరుపు రంగు, తీపి రుచి కలిగి ఉంది. 1890 దశకంలో స్టార్క్ సంస్థ దాని హక్కులను కొని డెలీషియస్ పేరుతో మార్కెట్‌కు విడుదల చేసింది. రంగు, తీపి, నిల్వ సామర్థ్యం మూడూ ఉన్న ఈ పండు భారతీయ మార్కెట్‌కు తగినదని స్టోక్స్ భావించారు. 1916లో ఆ నర్సరీ మొక్కలను బారోబాగ్‌లో నాటారు.

ఐదారేళ్ళ తరువాత 1921లో ఆయన తల్లి గోల్డెన్ డెలీషియస్ మొక్కలను క్రిస్మస్ కానుకగా పంపారు. ఈ కానుక విలువ పసుపుపచ్చని పండుకే పరిమితం కాదు. రెడ్ డెలీషియస్ పూత తన పుప్పొడితో తాను ఫలదీకరణ చెందదు. పక్కన అదే సమయంలో పూసే మరో రకం ఉండి, తేనెటీగలు దాని పుప్పొడిని మోసుకురావాలి. అప్పుడే పిందె నిలుస్తుంది. గోల్డెన్ డెలీషియస్ ఈ పనికి బాగా అనువైనది. ఈ రెండు రకాలూ కలిసే కోట్‌గఢ్ తోటల్లో కాపు నిలిచింది.

రైతును ఒప్పించడం

స్టోక్స్ ఎదుర్కొన్న అసలు సమస్య మొక్క నాటిన తరువాతే మొదలయింది. ఆనాటి ఆపిల్ చెట్టు గణనీయమైన కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్ళు పట్టేది. నాలుగు గోధుమ మడులే ఆధారమైన రైతు వాటిలో చెట్లు నాటి, అంతకాలం ఏమి తిని బ్రతకాలి? పండిన పండును ఎవరు కొంటారు? ఈ ప్రశ్నలకు మాటలతో జవాబు చెప్పడం సాధ్యం కాదని స్టోక్స్‌కు తెలుసు. ముందుగా తన భూమిలో తన సొమ్ముతో పంట తీసి చూపారు. 1926లో కోట్‌గఢ్ ఆపిల్ మార్కెట్‌కు వచ్చి ఆదాయం తేవడంతో గ్రామస్థుల సందేహాలు సడలాయి.

తన తోటలో అంటుమొక్కలు తయారుచేసి స్టోక్స్ పొరుగు రైతులకు ఉచితంగా పంచారు. పాదు ఎలా తీయాలి, కొమ్మ ఎక్కడ కత్తిరించాలి, కాయ ఎప్పుడు కోయాలి అనేవి స్వయంగా నేర్పారు. దేశంలో మరెవరి వద్దా లేని మేలురకాన్ని తన గుప్పిట్లో ఉంచుకొని ధనవంతుడయ్యే అవకాశం ఆయనకు ఉంది. ఆ దారిని ఎంచుకోలేదు. చేను పూర్తిగా మార్చకుండా గట్ల మీద, మడుల అంచున చెట్లు పెంచుతూ, కాపు వచ్చేవరకు మధ్యలో ధాన్యం పండించుకొనే వీలు కూడా రైతులకు ఉండేది.

ఈ పంటలో శరదృతువు కీలకమైన కాలం. ఏప్రిల్‌లో పూసిన చెట్టు దిగువ ఎత్తుల్లో జూలై చివరికే కోతకు వస్తుంది. ఎగువ తోటల్లో కోత సెప్టెంబరు, అక్టోబరు దాకా సాగుతుంది. పగటి ఎండ, రాత్రి చలి కలిసి కాయకు ఎరుపు తెస్తాయి. కాయను తొడిమతో సహా, వేలి నొక్కు పడకుండా కోయాలి. తొడిమ ఊడినా, తోలు కమిలినా నిల్వ ఉండదు. పరిమాణాన్ని బట్టి ఏరి పెట్టెల్లో పేర్చాలి. ఆ రోజుల్లో కోట్‌గఢ్ నుంచి సిమ్లా వరకు ఈ పెట్టెలు కంచరగాడిదల మీద, మనుషుల వీపుల మీద చేరేవి. అక్కడి నుంచి కాల్కా వరకు కొండ రైలు ఉండేది. కోత ముగిశాక ఆకు రాలుతుంది. మంచు పడేలోగా పాదులకు ఎరువు వేసి, చెట్లను శీతాకాలానికి సిద్ధం చేయాలి. అంటే పొలంలో రైతు చేతులు క్షణం తీరిక లేకుండా ఉండవలసిన కాలం ఇది. ఆ చేతులు తనవి కాకపోతే తోట నిలవదు. కోట్‌గఢ్‌లో ఆనాడు సరిగ్గా అదే జరుగుతోంది.

వెట్టిపై పోరాటం

తెలంగాణ పల్లెలు ఎరిగిన వెట్టిచాకిరి సిమ్లా కొండల్లో బేగార్ పేరుతో ఉండేది. హిందుస్థాన్-టిబెట్ రోడ్డు మీదుగా ప్రయాణించే అధికారులు, వేటకు వచ్చే దొరల సామాన్లను మోయడం రోడ్డు పక్క గ్రామాల బాధ్యత. కబురు రాగానే రైతు కోత కోస్తున్న కొడవలిని వదిలి బరువు భుజాన ఎత్తుకోవలసిందే. కూలి నామమాత్రం, కొన్ని సందర్భాల్లో అదీ లేదు. దొరల వేసవి విడిది, వేట కాలమూ రైతు పని కాలమూ ఒకటే కావడంతో పంట చేలలోనే పాడయ్యేది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో స్టోక్స్ బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకి కాదు. సైన్యానికి మనుషులను చేర్చే అధికారిగా కూడా పనిచేశారు. 1919 ఏప్రిల్‌లో జరిగిన జలియన్‌వాలాబాగ్ కాల్పులు ఆయన అభిప్రాయాలను మార్చివేశాయి. తన గ్రామస్థులు మోస్తున్న బరువుకు, అమృత్‌సర్‌లో పేలిన తుపాకులకు మూలం ఒకటేనన్న నిర్ణయానికి వచ్చారు. బేగార్‌ను ఎదిరించడానికి కోట్‌గఢ్ రైతులను సంఘటితం చేశారు. అధికారులకు వినతిపత్రాలు పంపారు. పత్రికల్లో వ్యాసాలు రాశారు. గాంధీజీ, సి.ఎఫ్. ఆండ్రూస్‌ల మద్దతు పొందారు. గ్రామస్థులు బరువులు మోయడానికి సమష్టిగా నిరాకరించారు. ప్రభుత్వం దిగివచ్చి 1921లో ఆ ప్రాంతంలో బేగార్‌ను తొలగించింది. ఆంధ్రలో చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో మునిసిపల్ పన్నులను నిరాకరించి ఊరు ఖాళీ చేసినది కూడా ఆ ఏడాదే కావడం గమనార్హం.

రైతు చేతులు రైతుకు దక్కాయి. కోట్‌గఢ్‌లో ఆపిల్ సాగు ఊపందుకున్నది ఈ విజయం తరువాతే. స్టోక్స్ కృషిలో మొక్కల పంపిణీని, బేగార్ వ్యతిరేక పోరాటాన్ని విడదీసి చూడటం సరికాదు.

జైలు, మతాంతరం

స్టోక్స్ 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ మహాసభకు ప్రతినిధిగా హాజరయ్యారు. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సభ్యులయ్యారు. ఖద్దరు ధరించడం ప్రారంభించారు. భారతీయులు ప్రభుత్వ సైనిక, పౌర ఉద్యోగాలను వదులుకోవాలని కోరుతూ 1921 అక్టోబరులో గాంధీజీ తదితర నాయకులు విడుదల చేసిన ప్రకటనపై సంతకం చేసిన భారతీయేతరుడు ఆయన ఒక్కరే.

ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పర్యటన బహిష్కరణ ఉద్యమం సాగుతున్న సమయంలో 1921 డిసెంబరు 3న లాహోర్ వెళుతున్న స్టోక్స్‌ను వాఘా వద్ద అరెస్టు చేశారు. లాలా లజపతిరాయ్‌ని అరెస్టు చేసినది కూడా ఆ రోజే. హామీ పత్రం సమర్పించి విడుదలయ్యే అవకాశాన్ని స్టోక్స్ తిరస్కరించారు. న్యాయస్థానం ఆరు నెలల శిక్ష విధించింది. యూరోపియన్ ఖైదీలకు లభించే ప్రత్యేక వసతులను కూడా ఆయన కోరలేదు. భారతీయుడితో పాటు కష్టాన్ని పంచుకోవడానికి ఒక అమెరికన్ ముందుకు రావడాన్ని గాంధీజీ తన పత్రికలో ప్రశంసించారు.

జైలు నుంచి వచ్చాక స్టోక్స్ క్రియాశీల రాజకీయాలకు క్రమంగా దూరమయ్యారు. తోట, పాఠశాల, గ్రంథపఠనం ఆయన లోకమయ్యాయి. బాల్యంలోనే మరణించిన కుమారుడు తార పేరిట ఇంటివద్దే ఒక పాఠశాల నడిపారు. ఇరుగుపొరుగు పిల్లలు అందులో చదువుకున్నారు. సంస్కృతం నేర్చుకొని ఉపనిషత్తులు, భగవద్గీత అధ్యయనం చేశారు. తన తాత్విక చింతనను సత్యకామ అనే గ్రంథంగా రాసి 1931లో ప్రచురించారు.

1932లో ఆయన కుటుంబంతో సహా హిందూమతం స్వీకరించారు. సత్యానంద్ అని పేరు మార్చుకున్నారు. భార్య ప్రియాదేవి అయ్యారు. మతప్రచారకుల వెంట వచ్చిన వ్యక్తి తానే మతం మారడం మిషనరీ వర్గాలకు ఆశ్చర్యం, ఆవేదన కలిగించాయి. తన పిల్లలు తాము పుట్టిన నేలకు పరాయివారు కాకూడదన్న తపన కూడా ఆయన నిర్ణయానికి ఒక కారణమని జీవితచరిత్రకారులు భావిస్తారు. 1937లో థానేదార్ వద్ద పరంజ్యోతి మందిరాన్ని నిర్మించారు. దాని కొయ్యపై ఉపనిషత్తుల, గీత శ్లోకాలను చెక్కించారు.

స్వాతంత్య్రానికి 15 నెలల ముందు, 1946 మే 14న, సత్యానంద్ స్టోక్స్ కన్నుమూశారు. ఆయన కోడలు విద్యా స్టోక్స్ తరువాత కాలంలో హిమాచల్‌ప్రదేశ్ అసెంబ్లీ స్పీకర్‌గా, రాష్ట్ర మంత్రిగా పనిచేశారు.

400 నుంచి లక్ష హెక్టార్లకు

స్టోక్స్ మరణించేనాటికి ఆపిల్ కొద్ది గ్రామాల పంటగానే ఉంది. 1950-51లో హిమాచల్‌లో దాని విస్తీర్ణం కేవలం 400 హెక్టార్లు. తొలి ముఖ్యమంత్రి వై.ఎస్. పర్మార్ ఉద్యానరంగానికి ప్రాధాన్యమిచ్చి కొండల్లోకి రోడ్లు వేయించడంతో సాగు వేగం పుంజుకుంది. 1960-61 నాటికి విస్తీర్ణం 3 వేల హెక్టార్లు దాటింది. 2010-11లో ఉత్పత్తి రికార్డుస్థాయిలో 8.92 లక్షల టన్నులకు చేరింది. దేశంలో ఆపిల్ ఉత్పత్తిలో జమ్మూకాశ్మీర్ తరువాతి స్థానం హిమాచల్‌దే. కోట్‌గఢ్, కోట్‌ఖాయ్, జుబ్బల్ ప్రాంతాల గ్రామాలు రాష్ట్రంలోకెల్లా సంపన్నమైనవిగా పేరొందాయి. అక్కడి చిన్న రైతులు ఈ పంట ఆదాయంతోనే పక్కా ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లలను పట్నం చదువులకు పంపారు.

అయితే ఒకే పంటపై, అందులోనూ ప్రధానంగా ఒకే రకంపై ఆధారపడటంలో ప్రమాదం కూడా ఉంది. 1983లో స్కాబ్ తెగులు వ్యాపించి రాష్ట్రమంతటా పంట నాశనమయింది. 1990 జూలైలో మద్దతు ధర కోసం ఆందోళన చేసిన రైతులపై కోట్‌గఢ్‌లోనే పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు మరణించారు. 1999లో విదేశీ ఆపిల్ దిగుమతులపై పరిమితులు తొలగాయి. ఒకనాడు అమెరికా నుంచి మొక్కగా వచ్చిన రెడ్ డెలీషియస్ ఇక అమెరికా నుంచే పండుగా వచ్చి సిమ్లా రైతుతో పోటీపడింది. 2019లో అమెరికా ఆపిల్‌పై కేంద్రం అదనంగా విధించిన 20 శాతం సుంకాన్ని 2023లో తొలగించినపుడు హిమాచల్ రైతులు నిరసన తెలిపారు. తూకంలో, ప్యాకింగ్‌లో దళారుల మోసాలపై ఏళ్ళ తరబడి వచ్చిన ఫిర్యాదుల ఫలితంగా 2024లో రాష్ట్రప్రభుత్వం సుమారు 20 కిలోలు పట్టే ఏకరూప పెట్టెను తప్పనిసరి చేసింది.

వీటన్నిటికంటే తీవ్రమైనది వాతావరణ సమస్య. శీతాకాలంలో మంచు తగ్గడంతో దిగువ ఎత్తుల్లోని చెట్లకు అవసరమైన చలి గంటలు సమకూరడం లేదు. పూత అస్తవ్యస్తమై కాపు తగ్గుతోంది. సాగు క్రమంగా ఎగువకు, కిన్నౌర్, లాహౌల్-స్పితిల వైపు జరుగుతోంది. తక్కువ చలితో సరిపెట్టుకొనే రకాలపై ఆసక్తి పెరిగింది. హిమాచల్‌లోనే బిలాస్‌పూర్ జిల్లా దిగువ కొండల్లో రూపొందిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అటువంటి రకం. తెలుగునాట కూడా విశాఖ మన్యంలోని చింతపల్లి, లంబసింగి ప్రాంతాల్లో ఆపిల్ సాగు ప్రయోగాలు జరిగాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు పెంచిన చెట్లు 2020లో కాపుకు వచ్చాయి. ఇవి ఇంకా ప్రయోగాలే తప్ప మార్కెట్‌ను ప్రభావితం చేసే స్థాయి పంటలు కావు.

కోట్‌గఢ్‌లో వయసు మళ్ళిన రెడ్ డెలీషియస్ చెట్లను తీసివేసి, పొట్టి వేరుమూలాలపై అంటుకట్టిన గాలా వంటి కొత్త రకాలను నాటడం కొన్నేళ్ళుగా సాగుతోంది. ఇవి మూడు, నాలుగేళ్ళకే కాపుకు వస్తాయి. కానీ ఎకరానికి అయ్యే పెట్టుబడి ఎక్కువ, నీటి వసతి తప్పనిసరి. ఆ పెట్టుబడి పెట్టగలిగిన రైతు మారుతున్నాడు, పెట్టలేనివాడు పాత చెట్లతోనే నెట్టుకొస్తున్నాడు. 1916 తరువాత మొదటి కాపు కోసం వేచి ఉన్న కాలంలో కోట్‌గఢ్ చిన్న రైతుకు ఉచితంగా మొక్క, పక్కన ఉండి నేర్పే మనిషి దొరికారు. మారుతున్న రకాల కాలంలో అతనికి ఆ రెండూ ఎవరు సమకూరుస్తారన్నది ఉద్యానశాఖ, సహకార సంఘాలు తేల్చవలసిన విషయం.